పొరుగు రాష్ట్రంలో పనిచేసే చేతులు

వినాయక చవితి మరునాడు పశ్చిమ ఒడిశా పల్లెలలో 'నువాఖాయ్' పండుగ జరుగుతుంది. కొత్త ధాన్యపు అన్నాన్ని దేవతకు నివేదించి, ఇంటిల్లిపాది కలిసి భుజించే పర్వదినమిది. పండుగ సందడి సద్దుమణగిన కొద్దికాలానికే బలాంగీర్, నువాపడా, కలహండి జిల్లాలలో మేస్త్రీల రాకపోకలు మొదలవుతాయి. వారు ఒక్కొక్క కుటుంబానికి కొంత సొమ్ము బయానాగా ఇస్తారు. వర్షాలు వెనుకబడగానే ఆ కుటుంబాలు రైలెక్కి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాలలోని ఇటుక బట్టీలకు చేరుకుంటాయి. మళ్లీ తొలకరి వచ్చేవరకు వారి నివాసం బట్టీ పక్కన వేసుకున్న గుడిసెలోనే.

వలస వెళ్లడం నేరం కాదు, అవమానమూ కాదు. దేశంలో ఎక్కడికైనా వెళ్లి నివసించడానికి, నచ్చిన వృత్తి చేపట్టడానికి రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులకు హక్కునిచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం పుట్టిన ఊరినో, అంతకుముందు నివసించిన ఊరినో విడిచినవారు 45 కోట్లకు పైగా ఉన్నారు. వీరిలో అధిక సంఖ్యాకులు వివాహమై అత్తవారింటికి వెళ్లిన స్త్రీలే అయినప్పటికీ, పనికోసం కదలినవారి సంఖ్య కూడా కోట్లలోనే ఉన్నది.

తెలుగువారికి ఈ అనుభవం కొత్త కాదు. మహబూబ్‌నగర్ జిల్లానుండి గుంపు మేస్త్రీల వెంట బయలుదేరిన 'పాలమూరు కూలీలు' దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోశారు. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ రేవునుండి సాగే పడవలలో కూలికి పనిచేస్తారు. ఒక రాష్ట్రం తన బిడ్డలను బయటికి పంపుతూనే ఇతరుల బిడ్డలను తనలోకి పిలుచుకుంటున్నది. కాబట్టి వలస శ్రామికుని సమస్య పరాయివాని సమస్య కాజాలదు.

బయానా బంధం

బయానా తీసుకోవడంలో దోషమేమీ లేదు. పనిలేని నెలలలో మందులకు, పెళ్లికి, తిండిగింజలకు ఆ సొమ్మే ఆధారం. చిక్కు వచ్చేది లెక్క దగ్గర. బట్టీలో కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని కడతారు. మట్టి కలిపేది ఒకరు, అచ్చు వేసేది మరొకరు, పచ్చి ఇటుకను ఎండలో తిరగవేసేది ఇంకొకరు. తరచుగా వీరు భర్త, భార్య, ఎదిగీ ఎదగని బిడ్డ. కూలి మాత్రం కుటుంబానికంతటికీ కలిపి ఒకే పద్దు. ఆ పద్దులో స్త్రీ పేరు ఉండదు, ఆమె పని గంటలకు లెక్క ఉండదు. వారం వారం తిండి ఖర్చుకు ఇచ్చినది బాకీలో చేరుతుంది. చివరి లెక్క తేలేది పని ముగిసే రోజున. అప్పటివరకు మధ్యలో విడిచిపోవడానికి వీలులేకుంటే అది ఉద్యోగం కాదు, కట్టుబానిసత్వం.

ఈ బంధాన్ని తెంచడానికే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. కనీస వేతనం కంటె తక్కువ కూలికి పనిచేయించడం సైతం రాజ్యాంగపు 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమయే అని సుప్రీంకోర్టు 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో తీర్పు చెప్పింది. ఆకలివల్ల ఒప్పుకున్నది స్వేచ్ఛగా ఒప్పుకున్నది కాదని ఆ తీర్పు సారాంశం.

చట్టం నడక

ఒడిశాలో మేస్త్రీల ద్వారా కూలీలను తరలించే పద్ధతికి 'దాదన్' అని పేరు. దీనిని అదుపు చేయడానికి ఆ రాష్ట్రం 1975లోనే ఒక చట్టం చేసింది. కాని కూలీ రాష్ట్ర సరిహద్దు దాటితే రాష్ట్ర చట్టం వెంట రాదు. అందుచేత పార్లమెంటు 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టాన్ని ఆమోదించింది. కాంట్రాక్టరు లైసెన్సు పొందాలని, ఫొటో అంటించిన పాసుబుక్కును కార్మికుని భాషలో కూడా రాసి ఇవ్వాలని, స్థానికులతో సమానమైన వేతనం, దారి ఖర్చులు, వసతి, వైద్యం సమకూర్చాలని ఆ చట్టం విధించింది. తన భాషలో తన లెక్క చదువుకోగలగడం చిన్న హక్కు కాదు. అయితే లైసెన్సే తీసుకోని మేస్త్రీకి చట్టం అందలేదు. పేరు నమోదు కాని కూలీ అధికారుల దృష్టిలో లేనట్లే అయినాడు.

ఈ లోపం 2020లో దేశానికంతటికీ కనిపించింది. లాక్‌డౌన్ వేళ పని పోయినవారు, అద్దె కట్టలేనివారు వందల మైళ్లు కాలినడకన బయలుదేరారు. ఆ సంవత్సరం మే 1న వలస కార్మికులకోసం నడిచిన తొలి ప్రత్యేక రైలు తెలంగాణలోని లింగంపల్లినుండి ఝార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందిని చేర్చింది.

తరువాతి చర్యలు

రేషన్ కార్డు సొంత ఊరి దుకాణానికే కట్టుబడి ఉన్నంతకాలం వలస కుటుంబం బియ్యం కొనుక్కొనవలసి వచ్చేది. 2019లో ఆంధ్రప్రదేశ్–తెలంగాణ, గుజరాత్–మహారాష్ట్రల మధ్య ప్రయోగాత్మకంగా ఆరంభమైన 'ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు' పథకం 2022 నాటికి దేశమంతటికీ విస్తరించింది. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ నమోదులో 30 కోట్లకు పైగా అసంఘటిత కార్మికుల పేర్లు చేరాయి. ఇటుక బట్టీల పిల్లలకోసం తెలంగాణలో ఒడియా మాధ్యమపు పని ప్రదేశ పాఠశాలలు నడిచాయి.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి 1979 నాటి చట్టం స్థానాన్ని ఆక్రమించింది. మేస్త్రీ తెచ్చినవారికే కాక, తమంతట తామే వచ్చి పనిలో చేరినవారికి కూడా ఇది వర్తిస్తుంది. అయితే పాత చట్టం 5 మంది ఉన్నచోట వర్తించగా, కొత్తది 10 మంది ఉన్నచోటనే వర్తిస్తుంది. చిన్న పనిచోట్లలోని వారి రక్షణ గురించి ఆలోచించవలసి ఉన్నది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1999నుండి 'గౌరవప్రదమైన పని' అనే భావనను ప్రపంచం ముందుంచింది. బట్టీ దగ్గర దాని అర్థాన్ని మూడు ప్రశ్నలలో పరీక్షించవచ్చు. పద్దులో స్త్రీతోసహా ప్రతి శ్రామికుని పేరు ఉన్నదా? లెక్క అతనికి తెలిసే భాషలో ఉన్నదా? ఇష్టం లేనినాడు పని విడిచి ఇంటికి వెళ్లగలడా? ఈ మూడింటికీ అవునని సమాధానం వచ్చిననాడు, పొరుగు రాష్ట్రంలో మన ఇంటి గోడకు ఇటుక చేసిన ఆ కుటుంబం మళ్లీ నువాఖాయ్‌కి అప్పు లేకుండా ఇల్లు చేరుతుంది.