ఊరి నాడి ఎలా చూడాలి?

హకీము నబ్జ్ (నాడి) పట్టుకునేది రోగమేదో తెలుసుకోవటానికి మాత్రమే కాదు. ఆ శరీరంలో తబీయత్, అనగా తనను తాను చక్కబరచుకునే శక్తి, ఎంత నిలిచి ఉన్నదో కూడా చూస్తారు. మందు పనిచేసేది దాని అండతోనే. ఊరి ఆరోగ్య లెక్కలనూ ఇలాగే చదవాలి. మనమేమో రోగాల అంకెలు చూసి దిగులుపడి కాగితం పక్కన పెట్టేస్తాం.

ఒడిశా సంగతి చూద్దాం. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ పాఠకులకు ఇది ఇంటి విషయమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 64.3 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. 2015-16లో ఇది 51 శాతమే. యునానీలో దీనిని సూ-ఉల్-ఖినియా అంటారు, జిగర్ (కాలేయం) బలహీనతతో ముడిపెడతారు. అంకె భయపెట్టేదే.

అదే సర్వేలో మరో పుట తిప్పండి. 12-23 నెలల పిల్లల్లో 90.5 శాతం మందికి టీకాలన్నీ పడ్డాయి. దేశం మొత్తం మీద ఇది 76.4 శాతమే. ఆసుపత్రి కాన్పులు 85.3 నుంచి 92.2 శాతానికి పెరిగాయి. అంటే తల్లులు బిడ్డలనెత్తుకుని మమతా దివస్‌కు వస్తున్నారు, ఆశా కార్యకర్త మాట వింటున్నారు. ఆ ఊళ్ల తబీయత్ ఇదే! బిడ్డ టీకా కోసం వచ్చిన తల్లి అదే పూట తన రక్తం సంగతీ అడిగితే సగం పని అయినట్లే.

సర్వే జిల్లా వరకే చెబుతుంది. మీ వీధి లెక్క మీరే తీయాలి. గర్భిణిగా ఉన్నప్పుడు 180 రోజులూ ఇనుము మాత్రలు వేసుకున్నవారు ఎందరు? వారానికి ఎన్నిసార్లు ఆకుకూర వండుతున్నారు? అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఎందరికుంది? (ఇనుము ఒంటబట్టకుండా చేసేది ఆ టీయే, కనీసం గంట ఆగాలి.) పేర్లు రాయకండి, అంకెలు చాలు.

మాత్రలు పూర్తిగా వేసుకున్న అమ్మలు కొద్దిమందే తేలవచ్చు. కడుపులో తిప్పితే ఏం చేశారో, ఏ వేళకు వేసుకున్నారో వారినే చెప్పమనండి. నా మాట కంటే పొరుగింటి వదిన మాట త్వరగా చెవికెక్కుతుంది.

ఒక హెచ్చరిక. షర్బతె ఫౌలాద్ దొరికింది కదా అని ప్రభుత్వ మాత్రలు మానవద్దు, రెండూ కలిపి సొంతంగా వాడవద్దు. గర్భిణికి హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితే హకీము దగ్గర కూర్చోక వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.