వేడెక్కిన పిదప ఆగిపోవు పడవ యంత్రము

తెల్లవారుజామున రేవులో మొదటి తిప్పుకే అందుకొని, అరగంటయో గంటయో చక్కగా నడచి, వేడెక్కిన పిదప ఆగిపోవు పాత డీజిల్ యంత్రములు మన తీరమున అనేకము గలవు. కొంతసేపు నిలిపినచో అవి మరల నడచును. కనుక కొందరు సరంగులు దీనిని లోపముగా నెంచక, యంత్రము ముసలిదైనదని సరిపెట్టుకొందురు. కెరటములు విరుగు మొగలో యంత్రమాగిన పడవకు చుక్కాని పనిచేయదు. అలకు అడ్డము తిరిగినచో బోల్తా పడుటకు ఎంతోసేపు పట్టదు.

పానా పట్టుటకు ముందు, యంత్రము ఏ తీరున ఆగుచున్నదో గమనింపవలెను. వేగము తగ్గుచు పెరుగుచు ఊగిసలాడి ఆగినచో డీజిల్ చాలినంత అందుట లేదు. మూలుగుచు, ఆవిరి చిమ్ముచు ఆగినచో అది నీటి లోపము. ఆగిన పిదప, చల్లారువరకు ఎంత తిప్పినను అందుకొననిచో ఇంజెక్షన్ పంపును అనుమానింపవచ్చును.

వేడి వలన ఆగుచున్నదని తోచినను, నిజమునకు గడచిన కాలము వలన ఆగుట కూడ కలదు. కాకినాడలో మేమొక పడవను చూచితిమి. దాని యజమాని నాజిళ్లు బాగుచేయించెను, ఫీడు పంపు మార్పించెను. అప్పు పెరిగినదే గాని యంత్రము దారికి రాలేదు. తుదకు ఒక ముసలి కళాసి టాంకి మూత విప్పగా, బుస్సుమని గాలి లోనికి పోయెను. పడవకు కొత్తగా వేసిన రంగు టాంకి గాలిగొట్టమును మూసివేసినది! డీజిల్ తరుగుకొలది లోపల శూన్యమేర్పడి, పంపు లాగలేకపోయెను. ఆగియున్నంతసేపు సందులగుండ గాలి మెల్లగా చేరుటచే యంత్రము తిరిగి నడచెడిది. అందరు దానిని చల్లారుట యనుకొనిరి. కావున మూత విప్పి చూచుట మొదటి పరీక్ష. దానికి కానియైనను ఖర్చు లేదు.

మూత విప్పినను ఆగినచో ఫిల్టరు గిన్నెలోని నీటిని, మడ్డిని తీసివేయవలెను. పాత రబ్బరు గొట్టములు వేడికి మెత్తబడి లోపల ముడుచుకొనును. టాంకికి, ఫీడు పంపుకు నడుమ నట్టు వదులైనచో డీజిల్ బయటికి కారదు, గాలియే లోనికి చొరబడును. పైకి తడి కానరాదు గనుక మేస్త్రులు సైతము మోసపోవుదురు. నట్లు బిగించి, ఫిల్టరుపై గాలి మరను వదులుచేసి, బుడగలు ఆగువరకు చేతిమీటను కొట్టవలెను.

నీటి లోపమైనచో సముద్రపు నీరు వచ్చు జల్లెడను ముందు చూడుడు. ప్లాస్టిక్ సంచి ముక్క ఒక్కటి చాలును. నీటి పంపులోని రబ్బరు చక్రపు రెక్కలు విరిగినచో కొత్తది వేయుటతో సరిపోదు. విరిగిన ముక్కలన్నియు వెదకి తీయవలెను, లేనిచో అవి ముందు గొట్టములలో అడ్డుపడును. కాగిన యంత్రముపై చన్నీరు పోయరాదు, హెడ్డు పగులును. వేడిమీద నీటి మూత తెరచినవారికి ముఖము కాలుట తప్పదు.

ఇక ఇంజెక్షన్ పంపు. అరిగిన పంపులో వేడి డీజిల్ పలుచనై సందులగుండ జారిపోవును. నాజిలుకు ఒత్తిడి చాలదు. యంత్రమాగిన పిదప పంపుపై మాత్రమే తడిగుడ్డ కప్పి, కొద్దిసేపటికి తిప్పి చూడుడు. వెంటనే అందుకొన్నచో పంపు అరిగినదని దాదాపు తేల్చుకొనవచ్చును. నడుచుచున్నప్పుడు ఈ పని చేయరాదు, పంపు బిగిసిపోవచ్చును. దీని మరమ్మతు పడవలో సాధ్యము కాదు. పరీక్షా యంత్రమున్న పనివారికే ఒప్పగింపవలెను. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరమున యంత్రపు పడవల వేట నిలిచియుండును గనుక పంపు విప్పించుటకు ఆ 61 దినములే అనువైనవి. తిరిగి బిగించిన పడవను రేవులోనే కట్టి, రెండు గంటలు నడిపి చూచి, ఆ తరువాతనే మొగ దాటింపుడు.