డ్రైవరు పనిగంటలు: ఒక లెక్కల పాఠము

ఎనిమిదవ తరగతిలో కాలము, దూరము, వేగములను గూర్చిన లెక్కలు చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "సార్, లారీ గంటకి అరవై కిలోమీటర్లు పోతుందని లెక్కలో ఉంది. మరి డ్రైవరు ఎప్పుడు పండుకుంటాడు?" అని అడిగెను. తరగతి అంతయు నవ్వినది. మేము నవ్వలేకపోతిమి. ఆ బాలుని తండ్రి హోసూరు నుండి లారీ నడుపువాడు; ఇంట నుండు దినములు నెలకు నాలుగైదు మించవు.

మా విద్యార్థుల తండ్రులలో లారీలు, వ్యానులు నడుపువారు పలువురు గలరు. చదువు ముగించిన మా పిల్లలలో కొందరు బెంగుళూరు వెళ్లి, మోటారు సైకిళ్లపై ఇంటింటికి భోజనము, సామాను చేర్చుచున్నారు. కావున ఆ ప్రశ్నకు సమాధానము తల్లిదండ్రులకే విన్నవించుట యుక్తమని తలచితిమి.

మన దేశమున మోటారు రవాణా కార్మికుల చట్టము 1961లో చేయబడినది. అయిదుగురు గాని అంతకు మించి గాని కార్మికులున్న సంస్థలకు అది వర్తించెడిది. పెద్దవారికి దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పని. దూరపు మార్గములలో అధికారుల అనుమతితో 10 గంటలు, 54 గంటలు. ఎడతెగక 5 గంటలకు మించి పని చేయింపరాదు. ఆ లోపల అర్ధగంటకు తక్కువగాని విశ్రాంతి ఈయవలెను. నేటి పనికిని రేపటి పనికిని నడుమ 9 గంటల విరామము, ఏడు దినములకొక సెలవు ఉండవలెను.

ఇందు పని యనగా ఏమి? చక్రము తిరుగుట మాత్రమే కాదు. సరుకు ఎక్కించుట, దించుట, బండిని శుభ్రపరచుట, బాగుచేయుట, లెక్కలు ఒప్పగించుట కూడ పనియే. గమ్యస్థానమున పదునైదు నిమిషములకు లోపడిన నిరీక్షణయు పనియే. అంతకు మించి కాచుకొనిన కాలము ఆ ఎనిమిది గంటలలో చేరదు. మరి యజమాని డ్రైవరును దినమంతయు ఊరక కూర్చుండబెట్టినచో? అందులకే సాధారణముగా పని మొదలు నుండి ముగింపు వరకు, విశ్రాంతితో కూడ, 12 గంటలు మించరాదని మరియొక కట్టుబాటు చేసిరి. ఈ చట్టము వ్రాసినవారు లారీల వద్ద నిలిచి చూచినవారే యని మాకు తోచును.

మేము తరగతిలో ఇచ్చిన లెక్క ఇది: ఒకడు తెల్లవారుజామున 4 గంటలకు గోదాము చేరి, రెండు గంటలు సరుకు ఎక్కించి, 6 గంటలకు బయలుదేరి, ఎక్కడను ఆగక 11 వరకు బండి తోలెను. ఎన్ని గంటలు పనిచేసెను? పిల్లలలో అధికులు 5 అనిరి. జవాబు 7. తొమ్మిదింటికే వాడు బండి ఆపి అర్ధగంట కూర్చుండవలసినది.

ఆ పాత చట్టము స్థానమున 2020లో చేసిన వృత్తి భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు ఆరు దినములు, అదనపు పనికి రెట్టింపు కూలి అనునవి ఇందునను గలవు. విరామముల కాలమును ప్రభుత్వము ప్రకటన ద్వారా నిర్ణయించును. ఐరోపాలో నాలుగున్నర గంటలు తోలిన పిదప 45 నిమిషములు ఆగవలెను. దానిని బండిలోని యంత్రమే నమోదు చేయును. మన లారీలలో ఆ సాక్షి లేదు.

ఇంత లెక్క ఎందులకని అడుగువారు ఈ లెక్క కూడ చూడవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. మూడు సెకనులు కన్ను మూతపడినచో 50 మీటర్లు ఎవరును నడపని బండియే. పదునేడు గంటలు మేలుకొని యున్నవాని చేతిపట్టు, 100 మిల్లీలీటర్ల రక్తమున 50 మిల్లీగ్రాముల మద్యము గలవాని చేతిపట్టుతో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిరి. మన దేశమున డ్రైవరునకు చట్టము ఓర్చునది 30 మిల్లీగ్రాములే. మద్యము త్రాగినవానిని పోలీసువారు ఆపుదురు. నిద్రలేనివానిని ఎవరు ఆపుదురు? టీ త్రాగినచో కొంతసేపు తెలివి వచ్చును గాని నిద్ర తీరదు.

ఇక మోటారు సైకిలు పిల్లల సంగతి. ఫోనులో ఆర్డరు పంపు కంపెనీలు వారిని నౌకరులనవు, భాగస్వాములందురు. సామాజిక భద్రతా స్మృతి, 2020 అట్టివారిని యజమాని–నౌకరు సంబంధమునకు వెలుపల నుండువారిగానే నిర్వచించి, బీమా మొదలగు పథకములను తలపెట్టినది. వారి దినమునకు గంటల హద్దు పెట్టలేదు. కర్ణాటకలో 2025లో వారి నమోదునకును సంక్షేమ నిధికిని చట్టము చేసిరి. అది మంచిదే. కాని రాత్రి పదకొండు గంటలకు ఫోను మ్రోగినప్పుడు ఇక చాలునని చెప్పవలసినవాడు ఆ పిల్లవాడొక్కడే. ఆ ఒక్క ఆర్డరుతో ఆనాటి అదనపు సొమ్ము చేతికి వచ్చునట్లుండును.

సంక్రాంతికి వచ్చిన మా పూర్వ విద్యార్థి యొకడు తల్లితో కూడ మమ్ము చూడవచ్చెను. ఎన్ని గంటల పని యని అడిగితిమి. "పది గంటలే సార్, మిగతాదంతా ఆర్డరు కోసం కాచుకునేదే" అనెను. ఉదయము ఏడింట ఫోను తెరచి రాత్రి పదకొండింట మూయుచున్నాడు. పదునారు గంటలు! తల్లికి మాత్రము ఎనిమిది గంటల పనియని చెప్పియుండెను. ఆమె ఏమియు అనక కొడుకు ముఖము చూచుచు కూర్చుండినది.

ఇప్పుడామె రాత్రివేళ ఫోను చేసి, ఎంత వచ్చెనని గాక, ప్రొద్దున ఎన్నింటికి బయలుదేరితివని అడుగుచున్నదట. వాడు మొదట విసుగుకొనెను. ఇప్పుడు తొమ్మిదింటికి ఇల్లు చేరుచున్నాడు. ఆదివారపు సెలవు మాత్రము ఇంకను తీసుకొనుట లేదు. ఆదివారమే ఆర్డరులు ఎక్కువట.