కొబ్బరి ప్రాణాంతక పసుపు తెగులు వాహకమైన హాప్లాక్సియస్ ప్రజాతి కీటకాల వర్గీకరణ, గుర్తింపు

సారాంశం

కరీబియన్ దీవులలోను, ఫ్లోరిడాలోను లక్షలాది కొబ్బరి చెట్లను బలిగొన్న ప్రాణాంతక పసుపు తెగులు ఫైటోప్లాస్మా వలన కలుగుతుంది. దీనిని చెట్టు నుండి చెట్టుకు చేరవేసేది హాప్లాక్సియస్ క్రూడస్ అనే చిన్న ప్లాంట్‌హాపర్ దోమ. ఇదే రూపంలో ఉండే దగ్గరి బంధువులు అదే కొబ్బరి మట్టపై జీవించడం వలన వాహకాన్ని సరిగా గుర్తించడం కష్టమవుతున్నది. ఈ వ్యాసంలో హాప్లాక్సియస్ ప్రజాతి వర్గీకరణ చరిత్ర, కుటుంబం నుండి జాతి వరకు గుర్తించే క్రమం, నమూనాల పరీక్షా విధానం, కొబ్బరి, ఆయిల్‌పామ్ పండించే మన ప్రాంతానికి ఈ పరిజ్ఞానం వలన కలిగే ప్రయోజనం వివరించబడినవి.

ఉపోద్ఘాతం

వరి పైరును దెబ్బతీసే సుడిదోమ, తెల్లవీపు దోమ మన రైతులందరికీ తెలిసినవే. పేరులో దోమ అని ఉన్నప్పటికీ ఇవి రక్తం పీల్చే దోమలు కావు. మొక్కల రసం పీల్చే ప్లాంట్‌హాపర్ కీటకాలు. హెమిప్టెరా క్రమంలోని ఫుల్గోరోమార్ఫా సముదాయానికి చెందిన ఈ కీటకాలు తొండాన్ని మొక్కలోనికి గుచ్చి, ఎక్కువగా పోషక కణజాలం నుండి రసాన్ని గ్రహిస్తాయి. ఫైటోప్లాస్మాలు నివసించేది ఆ కణజాలంలోనే. అందువలన ఈ కీటకాలలో కొన్ని రసం పీల్చి కలిగించే నష్టం కంటె, మోసుకువచ్చే తెగులు వలన కలిగించే నష్టమే ఎక్కువ.

ప్రాణాంతక పసుపు తెగులు ఇందుకు ప్రబల నిదర్శనం. తెగులు సోకిన చెట్టుకు మొదట అన్ని పరిమాణాల కాయలూ అకాలంగా రాలిపోతాయి. రాలిన కాయల తొడిమ వైపు నీరు పట్టినట్లు నల్లబడి ఉంటుంది. తరువాత కొత్తగా విచ్చుకొనే పూగుత్తులు నల్లబడి ఎండుతాయి. ఆపై అడుగు మట్టల నుండి పైకి పసుపు రంగు వ్యాపిస్తుంది. చివరకు మొవ్వు కుళ్ళి, తల రాలి, మొండి మాను మాత్రమే మిగులుతుంది. తొలి లక్షణం కనిపించినది మొదలు సుమారు ఆరు నెలలలోపే చెట్టు చనిపోతుంది. ఈ తెగులు 1955లో ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లోను, 1971లో మయామీ ప్రాంతంలోను గుర్తించబడినది. జమైకాలో 1960 తరువాతి దశాబ్దాలలో జమైకా పొడవు రకం కొబ్బరి చాలావరకు నశించినది. వ్యాధిగ్రస్త చెట్ల పోషక కణజాలంలో నేడు ఫైటోప్లాస్మాలని పిలువబడుతున్న సూక్ష్మజీవులను 1972లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూడగలిగారు. కారకం తెలిసిన పిమ్మట దానిని మోసే కీటకం ఏదన్న ప్రశ్న ముందుకు వచ్చినది.

వాహక నిర్ధారణ

ఫ్లోరిడాలో తెగులు ఉన్న ప్రాంతాల తాళవృక్షాలపై అధికంగా లభించిన ప్లాంట్‌హాపర్ నేటి హాప్లాక్సియస్ క్రూడస్. అయితే అధిక సంఖ్యలో ఉన్నంత మాత్రాన ఒక కీటకాన్ని వాహకంగా పరిగణించలేము. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు వ్యాధిగ్రస్త ప్రాంతం నుండి సేకరించిన ఈ కీటకాలను పెద్ద తెరగదులలోని ఆరోగ్యవంతమైన తాళవృక్షాలపై విడిచారు. కీటకాలు విడిచిన గదులలోని చెట్లకు తెగులు సోకినది. ఈ ఫలితాలను 1983లో హోవర్డ్, నోరిస్, థామస్ ప్రకటించారు. అటు తరువాత మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో జరిపిన ప్రయోగాలు కూడా ఈ జాతి వాహకత్వాన్ని బలపరచినవి. కొలంబియాలో ఆయిల్‌పామ్‌కు సోకే ప్రాణాంతక వడలు తెగులు వ్యాప్తితో కూడా ఈ జాతికి సంబంధం ఉన్నది.

వర్గీకరణ చరిత్ర

హాప్లాక్సియస్ ప్రజాతిని 1904లో ఫౌలర్ మధ్య అమెరికా నమూనాల ఆధారంగా స్థాపించారు. 1907లో వాన్ డ్యూజీ జమైకా కీటకాలను వర్ణిస్తూ క్రూడస్ జాతిని మిండస్ అనే వేరొక ప్రజాతిలో చేర్చారు. మిండస్ ప్రజాతిని 1862లో స్టాల్ ఐరోపా జాతి ఆధారంగా ఏర్పరచారు. తదుపరి ఇదే కీటకాన్ని కొత్తదిగా భావించి 1945లో ఫెన్నా పారామిండస్ కోకోయిస్ అనియు, 1946లో కాల్డ్‌వెల్ హాప్లాక్సియస్ పాలిడస్ అనియు వర్ణించారు. అంటే నాలుగు దశాబ్దాల కాలంలో ఒకే కీటకానికి మూడు ప్రజాతుల కింద మూడు పేర్లు ఏర్పడినవి.

1979లో క్రామర్ అమెరికా ఖండాల జాతులన్నింటినీ సమీక్షించి వానిని మిండస్ ప్రజాతి కిందనే ఉంచారు. 1983 నాటి వాహక నిర్ధారణ పత్రంలో మిండస్ క్రూడస్ అనే పేరు ఉండుటకు కారణమిదే. 1989లో ఎమెల్యానోవ్ అమెరికా జాతులు ఐరోపా మిండస్‌కు భిన్నమైనవని గుర్తించి హాప్లాక్సియస్ ప్రజాతిని పునరుద్ధరించారు. నేడు ఈ ప్రజాతిలో అరవైకి పైగా జాతులు ఉన్నవి. అవన్నీ అమెరికా ఖండాలకు, కరీబియన్ దీవులకు చెందినవే.

ఈ పేరు మార్పును గ్రంథస్థ విషయంగా మాత్రమే భావించరాదు. పసిఫిక్ సముద్రంలోని వనువాటు దీవులలో కొబ్బరి ఆకు క్షీణత వైరస్‌ను మోసే కీటకానికి మిండస్ టాఫిని అని పేరు. రెండు కీటకాలూ ఒకే ప్రజాతి పేరుతో ఉన్నంత కాలం, వాని జీవన విధానం, వాహక శక్తి ఒకటేనని భావించే అవకాశం ఉండేది. ప్రజాతులు వేరైన పిమ్మట ఒకదాని పరిశోధనా ఫలితాన్ని రెండవదానికి అన్వయించే ముందు విడిగా పరీక్షించవలసిన అవసరం స్పష్టమైనది. అదే విధంగా, 1989కి పూర్వపు సమాచారం వెదికేవారు మిండస్ పేరుతో కూడా వెదకకపోతే ప్రధానమైన పరిశోధనలు దృష్టికి రావు.

ప్రజాతి స్థానం

క్రమం: హెమిప్టెరా
సముదాయం: ఫుల్గోరోమార్ఫా
ఉపరి కుటుంబం: ఫుల్గోరాయిడియా
కుటుంబం: సిక్సిడే
తెగ: ఓక్లియిని
ప్రజాతి: హాప్లాక్సియస్ ఫౌలర్, 1904

గుర్తింపు లక్షణాలు

ప్లాంట్‌హాపర్‌లన్నింటిలోను స్పర్శశృంగాలు సంయుక్త నేత్రాలకు దిగువన ఉంటాయి. వాని రెండవ ఖండం ఉబ్బి, జ్ఞానాంగాలతో గరుకుగా కనిపిస్తుంది. ముందు రెక్క మొదట టెగ్యులా అనే చిన్న పొలుసు ఉంటుంది. రెక్క వెనుక భాగంలోని రెండు ఈనెలు కలిసి ఆంగ్లాక్షరం ‘వై’ ఆకారాన్ని ఏర్పరుస్తాయి. ఈ లక్షణాలు పచ్చదోమ వంటి ఆకు దోమల నుండి వీనిని వేరు చేస్తాయి.

తాళవృక్షాలపై సాధారణంగా లభించే ప్లాంట్‌హాపర్‌ల నుండి హాప్లాక్సియస్‌ను వేరు చేయడానికి ఈ క్రింది క్రమాన్ని అనుసరించవచ్చు.

1. వెనుక కాలి టిబియా చివర కదిలే పెద్ద ముల్లు ఉన్నచో అది డెల్ఫాసిడే కుటుంబం. వరి సుడిదోమ ఈ కుటుంబానికే చెందినది. అట్టి ముల్లు లేనిచో రెండవ అంశానికి వెళ్ళాలి.

2. తొండం చివరి ఖండం పొట్టిగా, పొడవు వెడల్పులు దాదాపు సమానంగా ఉన్నచో డెర్బిడే కుటుంబం. చివరి ఖండం వెడల్పు కంటె స్పష్టంగా పొడవైనచో మూడవ అంశానికి వెళ్ళాలి.

3. రెక్కలు పలుచని పొరవలె ఉండి, ఈనెల వెంబడి రోమాలు మొలిచిన సూక్ష్మ బుడిపెలు ఉండి, ముఖంపై పక్క నేత్రకాలతోపాటు మధ్య నేత్రకం కూడా ఉన్నచో సిక్సిడే కుటుంబంగా భావించి నాలుగవ అంశానికి వెళ్ళాలి.

4. స్పర్శశృంగాలు లోతైన గిన్నెవంటి గుంటలలో అమరి ఉన్నచో బోత్రియోసెరా ప్రజాతి. అట్టి గుంటలు లేనిచో అయిదవ అంశానికి వెళ్ళాలి.

5. మధ్యవక్షపు పైభాగంపై నిలువు గట్లు అయిదు ఉండి, నడినెత్తి ఇరుకుగా కాలువవలె ఉన్నచో ఓక్లియస్ ప్రజాతి. గట్లు మూడు మాత్రమే ఉండి, వెనుక టిబియా పక్కల ముళ్ళు లేనిచో హాప్లాక్సియస్‌గా భావించి, రెక్కల ఈనెలను, పురుష జననాంగాలను పరీక్షించి ధ్రువపరచుకోవాలి.

హాప్లాక్సియస్ క్రూడస్ ప్రౌఢ కీటకం సుమారు 4 నుండి 5 మిల్లీమీటర్ల పొడవు ఉండి, గడ్డి రంగు నుండి లేత గోధుమ రంగు వరకు ఉంటుంది. రెక్కలు మచ్చలు లేకుండా పారదర్శకంగా ఉంటాయి. ఆడ కీటకం మగ కీటకం కంటె కొంత పెద్దది. అయితే ఈ ప్రజాతిలోని అనేక జాతులు ఇదే రంగులో, ఇదే పరిమాణంలో ఉంటాయి. కాబట్టి రంగును, పరిమాణాన్ని ఆధారం చేసుకొని జాతిని నిర్ణయించరాదు.

జాతి నిర్ణయానికి పురుష జననాంగ పరీక్ష

జాతిని నిశ్చయంగా తెలిపేవి మగ కీటకపు జననాంగాలు. జననఖండపు అంచుల ఆకారం, పక్కనున్న పట్టుకొమ్ముల వంపు, సంగమాంగంపై ముళ్ళ సంఖ్య, వాని దిశ, గుదనాళపు చివరి రూపం ముఖ్యంగా గమనించవలసినవి. పరీక్షకు మగ కీటకపు ఉదరాన్ని వేరు చేసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఒక రాత్రి ఉంచడమో, కొద్దిసేపు వేడి చేయడమో చేస్తారు. దీని వలన కండరాలు కరిగి, గట్టి భాగాలు మాత్రమే మిగులుతాయి. తరువాత మంచినీటితో కడిగి, గ్లిజరిన్ చుక్కలో ఉంచి సూక్ష్మదర్శినితో పక్క నుండి, క్రింది నుండి, వెనుక నుండి పరిశీలించి చిత్రించాలి. పరీక్ష ముగిసిన పిమ్మట ఆ భాగాలను గ్లిజరిన్ నింపిన చిన్న గొట్టంలో ఉంచి, అదే కీటకపు సూదికి గుచ్చి భద్రపరచాలి. జననాంగాలు నమూనా నుండి వేరైపోయినచో ఆ నమూనాకు ప్రమాణ విలువ ఉండదు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉన్నది. ఆడ కీటకాలు, శాబకాలు మాత్రమే దొరికినప్పుడు జాతిని నిర్ణయించడం సాధ్యం కాదు. ఇట్టి సందర్భాలలో మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ మొదటి ఉపభాగపు జన్యువు నుండి సుమారు 650 క్షార జంటల భాగాన్ని చదివి, ముందుగా మగ కీటకాల ద్వారా ధ్రువపరచిన నమూనాలతో పోల్చుతారు. డి.ఎన్.ఎ. పోలిక కూడా సరిగా పేరు పెట్టిన నమూనా ఉన్నప్పుడే ఉపకరిస్తుంది. అందుచేత ఈ విధానం రూపలక్షణ పరీక్షకు తోడుగా నిలిచేదే గాని ప్రత్యామ్నాయం కాదు. డి.ఎన్.ఎ. కొరకు సేకరించే కీటకాలను 95 శాతం ఇథనాల్‌లో భద్రపరచాలి.

రూపలక్షణాలను, జన్యు సమాచారాన్ని కలిపి పరిశీలించడం వలన ఇటీవల అనేక కొత్త విషయాలు వెలుగులోకి వచ్చినవి. 2019లో జమైకా కొబ్బరి చెట్ల నుండి ఓక్లియస్ ప్రజాతికి చెందిన కొత్త జాతి వర్ణించబడినది. అదే సంవత్సరంలో కోస్టారికా మేఘారణ్యం నుండి మిక్సియా అనే కొత్త ప్రజాతి స్థాపించబడినది. శతాబ్దానికి పైగా కీటకాలను సేకరిస్తున్న జమైకాలోనే, అందునా తెగులుకు ప్రసిద్ధమైన కొబ్బరి చెట్టుపైనే, పేరులేని జాతి ఉండడం గమనార్హం. పూర్వపు సర్వేలలో హాప్లాక్సియస్ అని లెక్కించిన కీటకాలలో ఇతర జాతులు కలిసి ఉండవచ్చునని దీనిని బట్టి ఊహించవచ్చు.

జీవన విధానం, నివారణలో దాని పాత్ర

ఈ కీటకం జీవితం రెండు విభిన్న మొక్కలపై గడుస్తుంది. ఆడ కీటకం గడ్డి మొక్కల అడుగు భాగంలో గుడ్లు పెడుతుంది. శాబకాలు అయిదు దశలలో నేలలోపల గడ్డి వేళ్ళ రసం పీల్చి పెరుగుతాయి. వాని ఉదరం చివర నుండి వెలువడే తెల్లని మైనపు పొడి తేమ నుండి వానికి రక్షణనిస్తుంది. ప్రౌఢ దశకు చేరిన పిమ్మట రెక్కల పురుగులు తాళవృక్షాల మట్టల అడుగు భాగానికి చేరుతాయి. శాబకాలకు సెయింట్ ఆగస్టీన్ గడ్డి, మన గరిక, గినీ గడ్డి వంటివి ఆశ్రయమిస్తాయి.

కొబ్బరి చెట్టుపై మాత్రమే దృష్టి పెట్టినచో ఈ కీటకపు సంతతిని అదుపు చేయలేము. తోటలో శాబకాలకు అనుకూలించని గడ్డిని లేదా ఇతర ఆచ్ఛాదన పైర్లను పెంచడం ద్వారా సంతతిని తగ్గించవచ్చునన్న ఆలోచన జాతి గుర్తింపు నుండే పుట్టినది. వాహకం మరొక జాతి అయినచో దాని శాబకాలు వేరొక చోట పెరగవచ్చు. అప్పుడు గడ్డి మార్చడం వృథా ప్రయాస అవుతుంది. మాను లోనికి ఆక్సిటెట్రాసైక్లిన్ ఎక్కించడం వలన లక్షణాలు అణగియుంటాయి గాని, ఆ చికిత్సను క్రమం తప్పక కొనసాగించాలి. కాయలు పండించే తోటలకు అది గిట్టుబాటు కాదు. తట్టుకొనే రకాలుగా ప్రసిద్ధి పొందిన మలయన్ పొట్టి రకం, మేపాన్ సంకరం కూడా జమైకాలో 1990 దశాబ్దం చివరి నుండి పెద్ద సంఖ్యలో తెగులుకు గురైనవి. ఈ పరిస్థితులలో వాహకంపై నిఘాకు ప్రాధాన్యం పెరిగినది.

మన ప్రాంతానికి ప్రయోజనం

హాప్లాక్సియస్ అమెరికా ఖండాల ప్రజాతి. మన దేశంలో ఇది లేదు. ప్రాణాంతక పసుపు తెగులు కూడా లేదు. అయినప్పటికీ కోనసీమ కొబ్బరి, ఏలూరు, ఖమ్మం ప్రాంతాల ఆయిల్‌పామ్ ఈ తెగుళ్ళకు ఆతిథ్యమివ్వగల పంటలే. కేరళలోని కొబ్బరి వేరు వడలు తెగులు ఫైటోప్లాస్మా వలన కలుగుతుంది. దాని వ్యాప్తిలో జల్లెడ రెక్కల నల్లితోపాటు ప్రౌటిస్టా మోయెస్టా అనే డెర్బిడే ప్లాంట్‌హాపర్‌కు పాత్ర ఉన్నదని పరిశోధనలు తెలిపినవి. తూర్పు గోదావరి ప్రాంతంలో 1949లో తొలుత గమనించిన తాటిపాక తెగులు కూడా ఫైటోప్లాస్మాతో ముడిపడినదిగా భావించబడుతున్నది. కనుక మన తాళవృక్షాలపై ఉండే ప్లాంట్‌హాపర్‌లను కుటుంబం వరకైనా వేరు చేయగల నైపుణ్యం క్షేత్ర సిబ్బందికి అవసరం. పైన ఇచ్చిన క్రమంలోని మొదటి మూడు అంశాలను పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో అలవాటు చేసుకోవచ్చు.

సేకరణలో కొన్ని జాగ్రత్తలు పాటించాలి. మట్టల అడుగు భాగం నుండి పీల్చు గొట్టంతో ప్రౌఢ కీటకాలను పట్టాలి. జిగురు అట్టలు సంఖ్యను తెలుపుతాయి గాని, జిగురు అంటిన నమూనాలు జననాంగ పరీక్షకు అంతగా పనికిరావు. ప్రతి నమూనాకు ఊరు, తేదీ, చెట్టు పేరు, చెట్టు ఆరోగ్య స్థితి తెలిపే చీటీ తప్పనిసరి. చెట్టు పాదులోని గడ్డిని పెకలించి వేళ్ళ వద్ద మైనపు పొడితో కూడిన శాబకాలు ఉన్నవేమో చూడాలి.

ముగింపు

హాప్లాక్సియస్ ప్రజాతి చరిత్రలో ఒకే కీటకానికి అనేక పేర్లు, ఒకే పేరు కింద అనేక కీటకాలు అనే రెండు చిక్కులూ కనిపిస్తాయి. మొదటిది ఉన్న సమాచారాన్ని చెల్లాచెదురు చేస్తుంది. రెండవది నిర్దోషి కీటకంపై నేరం మోపి, అసలు వాహకాన్ని విడిచిపెడుతుంది. రెండింటికీ పరిష్కారం జాగ్రత్తగా సేకరించి, చీటీ వ్రాసి, మగ కీటకాన్ని పరీక్షించి భద్రపరచిన నమూనాయే. తెగులు వచ్చిన తరువాత వాహకాన్ని వెదకడానికి జమైకా, ఫ్లోరిడాలకు దశాబ్దాలు పట్టినవి. మన కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలలోని ప్లాంట్‌హాపర్‌ల జాబితాను ఇప్పుడే సిద్ధపరచుకొన్నచో, రేపు కొత్త కీటకం ప్రవేశించినప్పుడు దానిని కొత్తదిగా గుర్తించగలుగుతాము.