కారు చక్రం బిగించే పనిముట్లు: కొత్త మెకానిక్ ముందుగా ఏమి కొనాలి?

ఐ.టి.ఐ.లో మోటార్ మెకానిక్ ట్రేడు రెండేళ్లు పూర్తిచేసి గ్యారేజీలో చేరే మన పిల్లలకు మొదట ఎదురయ్యే ఖర్చు పనిముట్లది. చిన్న గ్యారేజీల్లో చాలా చోట్ల ఎవరి పానాలు వారే తెచ్చుకోవాలి. అప్పుడు తల్లిదండ్రులు నూరు ముక్కల పెట్టె చూసి ముచ్చటపడి, అప్పుచేసి మరీ కొంటారు. అందులో సగం ముక్కలు ఏడాదికి ఒకసారి కూడా బయటకు రావు. కనుక ఒక్క పనిని, అంటే చక్రం విప్పి బిగించడాన్ని తీసుకుని, దానికి నిజంగా ఏమి కావాలో చూద్దాం. ఈ రచయిత కామర్స్ చదివిన బ్యాంకు గుమాస్తా, మెకానిక్ కాదు. కాని ఇందులో సగం సంగతి లెక్కలదే.

ముందుగా ఒక విషయం అర్థం చేసుకోవాలి. నట్టు బిగిస్తే స్టడ్డు వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన స్టడ్డు స్ప్రింగులాగా వెనక్కు లాగి చక్రాన్ని హబ్బుకు అదిమి పెడుతుంది. ఆ ఒత్తిడే చక్రాన్ని పట్టి ఉంచేది. బిగింపు తక్కువైతే చక్రం కదిలి, నట్లు వదులై, తప్తపాణి ఘాటు మలుపుల్లోనో, జాతీయ రహదారి మీదనో ఊడిపోయే ప్రమాదం ఉంది. ఎక్కువైతే స్టడ్డు సాగిపోయి ఇక వెనక్కు రాదు, మరలు చెడతాయి, ఒక్కొక్కప్పుడు తెగుతుంది. బ్రేకు డిస్కు వంకరపోయి, బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణకడం కూడా జరుగుతుంది. "ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది" అనే మాట అందుకే తప్పు.

బిగింపును న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. చిన్న కార్లకు సాధారణంగా 80 నుంచి 120 వరకు ఉంటుంది. ఖచ్చితమైన అంకె ఆ కారు మాన్యువల్‌లో చూసుకోవాలి. ఉదాహరణకు 100 అనుకుందాం. పానా పిడి పొడవు 30 సెంటీమీటర్లు అయితే చివర వేయవలసిన బలం 100 ÷ 0.3, అంటే 333 న్యూటన్లు. దాన్ని 9.8తో భాగిస్తే సుమారు 34 కిలోలు. పిడి 50 సెంటీమీటర్లు అయితే 20 కిలోలు చాలు. ఇప్పుడు 60 కిలోల కుర్రవాడు అదే 30 సెంటీమీటర్ల పానా చివర ఎక్కి నిలబడితే? 60 × 9.8 × 0.3, సుమారు 176. కావలసినదానికి ముప్పాతిక వంతు ఎక్కువ! పానాకు పైపు తొడిగి బిగించేవారి లెక్క విద్యార్థులు తామే వేసుకోవచ్చు.

అంటే బలం చౌకగానే దొరుకుతుంది. డబ్బు పెట్టవలసింది ఎక్కడ ఆపాలో చెప్పే పనిముట్టు మీద.

విప్పడానికి అరంగుళం చదరపు మొన గల పొడవాటి బారు ఒకటి, దానికి 19, 21 మిల్లీమీటర్ల సాకెట్లు రెండు చాలు. మారుతి కార్లకు 19, హ్యుందాయ్, టొయోటా కార్లకు 21 ఎక్కువగా పడతాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలకు నట్లు కాక బోల్టులు ఉంటాయి, వాటికి 17 సాకెట్టు అవసరం వచ్చినప్పుడు కొనుక్కోవచ్చు. లోపల ఆరు పలకలున్న సాకెట్టే తీసుకోవాలి. పన్నెండు మూలలది తుప్పు పట్టిన నట్టు అంచులను అరగదీస్తుంది. ప్లస్ గుర్తు ఆకారపు పానా కూడా మంచిదే, రెండు చేతులతో సమంగా తిప్పవచ్చు.

బిగింపు కొలిచేది టార్క్ రెంచి. చౌకరకం ముల్లు ఉన్నది: బిగించేకొద్దీ కమ్మీ వంగి, ముల్లు స్కేలు మీద అంకె చూపుతుంది. చెడిపోయే భాగాలు దాదాపు లేవు. పని లేనప్పుడు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకుంటే చాలు. కాకపోతే అంకెను ఎదురుగా వంగి చదవాలి. రెండోది టక్కుమని శబ్దం చేసే రకం. పని త్వరగా అవుతుంది, కాని లోపలి స్ప్రింగును ఏడాదికి లేక 5,000 సార్ల వాడకానికి ఒకసారి సరిచూపించడం పద్ధతి. నాలుగు చక్రాలకు 16 నట్లు. రోజుకు రెండు కార్లు, నెలకు 25 రోజుల లెక్కన 50 కార్లు, 800 బిగింపులు. ఆరు నెలలు దాటగానే గడువు వచ్చేస్తుంది! పైగా పని అయ్యాక స్కేలును కనిష్ఠానికి తిప్పి దాచాలి. మా అభిప్రాయంలో కొత్తవారికి ముల్లు రకమే మేలు. రెంచి మూడు వేలు అనుకున్నా, ఏడాదికి 600 కార్ల లెక్కన కారుకు పడేది ఐదు రూపాయలు. కొనేటప్పుడు స్కేలు న్యూటన్ మీటర్లలో ఉందా, ఫుట్ పౌండ్లలో ఉందా చూడాలి. 100 ఫుట్ పౌండ్లు అంటే 136 న్యూటన్ మీటర్లు. ఏ రకమైనా దానితో నట్లు విప్పకూడదు.

గాలితోనో బ్యాటరీతోనో తిరిగే గన్ను సంగతి పిల్లలు తప్పక అడుగుతారు. మొదటి ఏడాది వద్దు. గన్ను విప్పడానికి బాగుంటుంది గాని దానితోనే పూర్తిగా బిగిస్తే ఎంత బిగిసిందో తెలియదు. గన్నుకు నల్లని ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి, మెరిసే చేతి సాకెట్లు పగలవచ్చు.

వాడే పద్ధతి: మరలు శుభ్రం చేయాలి, నూనె గాని గ్రీజు గాని పూయరాదు. పూస్తే అదే అంకెకు స్టడ్డు మరింత సాగుతుంది. నట్టు ఏటవాలు వైపు చక్రం వైపు ఉండాలి. ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎదురెదురు నట్లను వరుసగా కొద్దికొద్దిగా బిగించాలి. జాకీ దించి టైరు నేలకు ఆనిన తర్వాతే రెంచితో ఆఖరి బిగింపు. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ సరిచూపించుకోమని బండివారికి చెప్పాలి.

అప్పు విషయం. 2023లో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఉంది గాని, ఆ 18 వృత్తులలో మోటార్ మెకానిక్ లేదు. సొంత షెడ్డు పెట్టేవారికి 2015 నుంచి ఉన్న ముద్ర రుణం, శిశు తరగతిలో 50,000 వరకు హామీ లేకుండా, బ్యాంకులో అడగవచ్చు. పైన చెప్పిన బారు, రెండు సాకెట్లు, ముల్లు రెంచి కోసం మాత్రం అప్పు వద్దు. మొదటి నెల జీతంలో బారు, సాకెట్లు, మూడు నాలుగు నెలల పొదుపుతో రెంచి కొనుక్కోవచ్చు. బిల్లు అడిగి తీసుకుని దాచండి.