పెద్ద మగ జింక ఎందుకు కంటపడదు?

ప్రశ్న: కొలరాడో కొండల్లో లైసెన్సుతో మ్యూల్ డీర్ వేటకు వెళ్తున్నాను. ఆడ జింకలు, కుర్ర జింకలే కనిపిస్తున్నాయి. వయసొచ్చిన మగ జింకను కనిపెట్టేదెలా?
- ఒక పాఠకుడు, డెన్వర్

జవాబు: మీరు వెతికే వేళ, చోటు మార్చుకోవాలి. వేసవిలో చెట్లు పెరగనంత ఎత్తున మేసే పెద్ద మగ జింక, సెప్టెంబరులో కొమ్ముల మీది మెత్తని తోలు రాలాక దట్టమైన అడవిలోకి దిగుతుంది. అక్టోబరులో ఎక్కువగా రాత్రిళ్లే మేస్తుంది. పగలు చల్లని ఉత్తరపు వాలులో, కింది లోయ కనిపించేచోట పడుకుంటుంది.

1. తెల్లవారకముందే ఎదుటి గట్టెక్కి కూర్చోండి. నడక తగ్గించి, బైనాక్యులర్స్‌తో చెట్ల నీడలన్నీ ఓపికగా గాలించండి.

2. పొద్దున చల్లగాలి లోయలోకి దిగుతుంది, ఎండెక్కాక పైకి లేస్తుంది. గాలి పైకి నిలకడగా వీచేటప్పుడు పైనుంచి దగ్గరవండి.

3. నవంబరు నడుమ జతకట్టే కాలం. మీ లైసెన్సు ఆ రోజులకు వర్తిస్తే ఆడ జింకల గుంపులను గమనించండి.

4. గురి మీద పూర్తి నమ్మకం లేకపోతే కాల్చకండి. జంతువును గాయంతో వదలడం అన్యాయం.

రైఫిల్ సీజన్‌లో నడుము పైభాగాన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు దుస్తులు, తలకు అదే రంగు టోపీ తప్పనిసరి.

వేట హద్దులపై సందేహముంటే, లేదా చిక్కిపోయి తూలే జింక కనిపిస్తే కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ కార్యాలయాన్ని సంప్రదించండి. కొండ ఎత్తున మీకు కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే వెంటనే కిందికి దిగి వైద్యుణ్ని కలవండి.