ఎండిన చేల మీదికి వరద

కర్నూలు నగరము తుంగభద్రా హంద్రీ నదుల సంగమమున నెలకొనియున్నది. వేసవిలో హంద్రియందు నీటికంటె ఇసుకయే మెండు. 2009వ సంవత్సరమున నైరృతి ఋతుపవనములు ముఖము చాటువేయగా, ఆ సీమ రైతులు వాడిపోవు పైరులను చూచి కుమిలిరి.

సెప్టెంబరు చివర, అదను దాటిన పిమ్మట, కుండపోతగా వాన కురిసినది. అట్టి వాన పంటకు ఏమి అక్కఱకు వచ్చును? అక్టోబరు 2న నదులు రెండును పొంగినవి. దిగువనున్న శ్రీశైలము జలాశయము నిండియుండుటచే నీరు ముందుకు సాగక నగరముపైకి ఎగదన్నినది. జనులు మిద్దెల నెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. శ్రీశైలము ఆనకట్టను సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదకు తగినట్లు కట్టిరి. నాడు వచ్చినది దాదాపు 25 లక్షలు. కట్ట నిలిచినది, అదియొక భాగ్యము.

వరద తీసిన పిదప, నెల క్రిందట నీటికై వాచిన పొలములలో ఇసుక మేటలు కనబడినవి.